ఆవులించిన క్యాసెట్లు

క్యాసెట్ల కర్మాగారంలో ఆమెను స్ప్రింగక్క అనేవారు. యజమాని మొదలు వాకిలి ఊడ్చే మనిషి వరకు అందరికీ అదే పిలుపు. హాజరుపట్టీలో వేరే పేరుండేది; కాని ఆ పేరు పెట్టి ఎవరైనా కేకవేస్తే ఆమె కూడా, ఎవరినో పిలుస్తున్నారనుకొని పక్కవారి ముఖాలు చూసేది.

ఇంట్లో సినిమాలు చూసుకొనే వీడియో క్యాసెట్టుకు ముందుభాగాన ఒక మూత ఉంటుంది. లోపలి టేపుకు దుమ్ము తగలకుండా అది మూసుకొని ఉండాలి. యంత్రంలోకి వెళ్ళగానే తెరుచుకోవాలి. బయటికి రాగానే మళ్ళీ టక్కున మూసుకోవాలి. ఆ టక్కుమనే శబ్దం వెనుక ఉన్నది మెలికలు తిరిగిన చిన్న తీగచుట్ట. వడ్లగింజ పక్కన పెడితే గింజే పెద్దదిగా కనిపిస్తుంది. ఆ తీగను మూతకు ఎడమ చివరనున్న బొడిపెకు తగిలించి, ఒక చుట్టు బిగించి, కొనను మూతకింద దాచడం స్ప్రింగక్క పని. పదకొండేళ్ళుగా ఆమె రోజుకు నాలుగువందల మూతలకు ఆ విధంగా ప్రాణం పోస్తూ వచ్చింది. అంతకుముందు గొడుగులు కట్టే చోట పనిచేసింది. అక్కడి తీగలు దూలాల వంటివని, అవి బిగించిన చేతులతో ఈ పని నేర్చుకోవడం గునపంతో ముత్యాలు గుచ్చడమేనని కొత్తవారికి నవ్వుతూ చెప్పేది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. బిగించిన ప్రతి క్యాసెట్టునూ చెవిదగ్గరికి తీసుకొని మూత ఎత్తి వదిలేది. టక్కు పొడిగా వినిపిస్తే ముందుకు పంపేది. తడిగా వినిపిస్తే విప్పి మళ్ళీ బిగించేది. పొడి ఏమిటి, తడి ఏమిటి అని ఎవరైనా అడిగితే, "చెవికి తెలుస్తుందండీ, నోటికి తెలీదు" అనేది. ఆ వరుసలో ఆమెతో కలిసి ఎనిమిదిమంది స్త్రీలు కూర్చొనేవారు. ఆమెను చూసి మిగిలిన ఏడుగురికీ ఆ అలవాటే పట్టుబడింది. బయటినుంచి వచ్చినవారికి వాళ్ళంతా క్యాసెట్ల చెప్పుడుమాటలు వింటున్నట్టు కనిపించేవారు.

ఆ రోజుల్లో వీడియో యంత్రాలు రెండు జాతులుగా ఉండేవి. ఒక జాతి యంత్రంలో చిన్న క్యాసెట్టు మాత్రమే పడుతుంది. రెండవదానిలో పెద్ద క్యాసెట్టు మాత్రమే పడుతుంది. ఒకదానిది ఇంకొకదానిలో దూరదు, దూర్చినా ఆడదు. చిన్నదానిలో బొమ్మ తేటగా కనిపించేది. పెద్దదానిలో సినిమా మొత్తం ఒకే క్యాసెట్టులో పట్టేది. యంత్రాలు చేసే పెద్ద పెద్ద సంస్థలు రెండు శిబిరాలుగా చీలిపోయి, ఎవరిది నెగ్గుతుందో తేలేవరకు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. వారికేమి, వారు కొమ్ములు విసురుకోగలరు. మధ్యలో నలిగినది కొన్నవారు, వారికంటె ఎక్కువగా నలిగినది క్యాసెట్లు చేసే చిన్న చిన్న కర్మాగారాలవారు. అచ్చులు పోయించుకొనే ముందే వారొక పక్షం ఎంచుకోవాలి కదా.

ఈ కర్మాగారం యజమాని మంచివాడు. మంచివాడు కనుకనే పొరబడ్డాడు. బొమ్మ బాగున్నదే చివరికి నిలుస్తుందని నమ్మి చిన్నరకానికి అచ్చులు పోయించాడు. తొమ్మిదేళ్ళు అతని నమ్మకం నిలిచింది. తరువాత సినిమాలు అద్దెకిచ్చే దుకాణాల్లో చిన్న క్యాసెట్లు గోడంతా ఉన్నవి సగం గోడకు తగ్గాయి. సగం గోడనుంచి ఒక అరకు దిగాయి. చివరికి బల్లకింద, చీపురు పక్కన చేరాయి. కర్మాగారంలో పెట్టెలు గుమ్మందాకా పేరుకుపోయాయి.

ఒకనాడు యజమాని అందరినీ ఒకచోట చేర్చి, నీళ్ళు నమలకుండా సంగతి చెప్పాడు.

"నేను పందెం తప్పు గుర్రం మీద కాశాను. గుర్రం మంచిదే, పరుగు తెలిసిందే. కానీ జనమంతా ఇంకో గుర్రమెక్కి వెళ్ళిపోయారు. పెద్దరకానికి అచ్చులు తెప్పించాను. ఒక కంపెనీవాళ్ళు ముందు నాలుగువేలు మచ్చుకు చేసి చూపించమన్నారు. గురువారం పొద్దున వాళ్ళ మనిషి వస్తాడు. అతనికి నచ్చితే సంవత్సరం పొడుగునా మనకు పని ఉంటుంది. నచ్చకపోతే..."

గుమ్మందాకా ఉన్న పెట్టెలకేసి ఆయన చూసిన చూపులోనే కర్మాగారం తలుపులకు తాళం పడటం అందరికీ కనిపించింది.

స్ప్రింగక్క ఆనాడు ఇంటికి నడుస్తూ ఒకటే ఆలోచించింది: తనకు వేరే పని దొరకవచ్చు, గొడుగులు ఇంకా ఉన్నాయి, కాని ఆ ఎనిమిది కుర్చీలు ఎనిమిది చోట్లకు చెదిరిపోతే మళ్ళీ ఒక వరుసలో కూర్చోవు. పదకొండేళ్ళుగా వారి పురుళ్ళు, అలకలు, అత్తల కబుర్లు అన్నీ ఆ బల్లమీదనే సాగాయి.

ఆమె ఇంట్లోనూ ఈ రెండు జాతుల పోరు ఉండేది. వారు కింది వాటాలో ఉండేవారు. భర్త పుస్తకాలకు అట్టలు కట్టేవాడు. వీథివైపు గదిలోనే అతని పని. తాను చేసిన క్యాసెట్టు తన ఇంట్లో ఆడకపోతే ఏం మర్యాద అని స్ప్రింగక్క పట్టుబట్టి చిన్నరకం యంత్రమే కొనిపించింది. పై వాటాలో ఆడపడుచు, అంటే భర్త చెల్లెలు కాపురముండేది. ఆమె కొన్నది పెద్దరకం. కొత్త సినిమా వచ్చినప్పుడల్లా ఆమె మెట్లమీద నిలబడి క్యాసెట్టును విసనకర్రలా ఊపేది.

"వదినా, కొత్తది తెచ్చాను. మీ యంత్రానికి నోరు చిన్నదని మర్చిపోయాను సుమా. పైకి రా, చూద్దువుగాని."

స్ప్రింగక్క ఊరకుండే మనిషి కాదు. ఆడపడుచు పెళ్ళిని ఆరేళ్ళక్రితం వీడియో తీసినవాడి దగ్గర చిన్నరకం తప్ప మరొకటి లేదు. అందువల్ల ఆమె తన పెళ్ళి తాను చూసుకోవాలంటే మెట్లు దిగి అన్నగారింటికి రావలసిందే. వచ్చినప్పుడల్లా వదిన అందుకొనేది.

"రామ్మా రా. కాపురం పైన, పెళ్ళి కింద. ఇంకెవరికుంటుంది ఇంత భాగ్యం?"

ఆ టేపు చివరలో ఒక చోటు ఉండేది. లావుపాటి పెద్దమనిషి ఒకాయన మడతకుర్చీలో కూర్చోగానే అది ఆయనతో సహా మడతపడిపోతుంది. అది చూసి అన్నాచెల్లెళ్ళ తండ్రి కళ్ళనీళ్ళు కారేటట్టు నవ్వుతాడు. ఆ పెద్దాయన పోయి మూడేళ్ళు. ఆ నవ్వు ఇంకెక్కడా లేదు, ఆ టేపులోనే ఉంది. యంత్రం ముసలిదవుతోంది, మధ్యమధ్య బొమ్మ వణికేది. బాగుచేసేవాడు పోయినసారి చేతులెత్తేశాడు. ఈ రకానికి సామాను రావడం మానేసిందని చెప్పి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. అప్పటినుంచి వారు ఆ టేపును నెలకొక్కసారికంటె ఎక్కువ వెయ్యడం మానుకొన్నారు.

సోమవారం పొద్దున కర్మాగారంలో పెద్దరకం పని మొదలయింది. ఒక్కొక్కరి ముందూ బల్లకు రెండు మరలతో బిగించిన కొత్త చెక్కచట్రం. క్యాసెట్టు కదలకుండా అందులో కూర్చుంటుంది. స్ప్రింగు బిగించగానే జారే పట్టామీదికి తోసేయాలి. పట్టా దాన్ని మిగిలిన వారి ముందునుంచి నడిపించి చివరికి లేబులు పిన్ని దగ్గరికి చేరుస్తుంది. పిన్ని అందరిలోకి పెద్దది. లేబుళ్ళు అంటించడంలో ఆమె చెయ్యి ఎంత నిలకడైనదంటే, గీత గీసుకొని అంటించినట్టుండేది. వీరందరి మీదా ఒక సూపర్‌వైజరు. మాటకొకసారి మణికట్టు చూసుకోవడం చేత ఆయనకు గడియారంగారని పేరు.

పెద్దరకంలో ఒకే తేడా. స్ప్రింగు తగిలించే బొడిపె ఎడమ చివర కాక కుడి చివర ఉంది. గడియారంగారు ఆ మాట మూడుసార్లు చెప్పాడు. "కుడి, అమ్మా, కుడి. ఇన్నాళ్ళూ ఎడమ, ఇవాళ్టినుంచి కుడి." అందరూ తలలూపారు. పని మొదలయింది. కబుర్లు కూడా మొదలయ్యాయి. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

మధ్యాహ్నానికి పన్నెండువందలు పూర్తయ్యాయి. యజమాని తన ఇంటినుంచి తెచ్చిన పెద్దరకం యంత్రంలో ఒకటి పెట్టి చూశాడు. లోపలికి చక్కగా వెళ్ళింది. బయటికి రాలేదు. యంత్రం మూలిగింది, గుర్రుమంది, ఊరుకుంది. విప్పి తీస్తే మూత బార్లా తెరుచుకొని ఉంది. స్ప్రింగు ఎడమవైపున, బొడిపె లేనిచోట, ఎవరికీ పట్టనట్టు పడి ఉంది. పెట్టెలు తెరిచి చూశారు. వరుసవరుసలుగా పన్నెండువందల క్యాసెట్లూ నోళ్ళు తెరుచుకొని ఆవులిస్తున్నాయి.

"ఒక్కరంటే ఒక్కరైనా కుడివైపు పెట్టలేదా?" అన్నాడు గడియారంగారు, తల పట్టుకొని.

"పెడుతున్నామనే అనుకున్నామండీ" అంది వరుసలో చివరామె, ఏడుపు గొంతుతో.

"స్ప్రింగక్కా, నువ్వు కూడానా? చెవిదగ్గర పెట్టుకుని వింటావు కదా, వినపడలేదా?"

స్ప్రింగక్క ముఖం కందగడ్డలా అయింది. "చేతిలో ఉన్నంతసేపూ టక్కుమన్నాయండీ. వేలితో తీగను నొక్కి పట్టుకున్నాను కదా, అందుకని. వదిలేశాకే నోళ్ళు తెరిచినట్టున్నాయి."

తప్పు ఎవరిదని వెతకడానికి తావే లేదు. పదకొండేళ్ళ అలవాటు ఎనిమిదిమందిచేతా ఒకేసారి పప్పులో కాలు వేయించింది. ఆ పెట్టెలను తరువాత విప్పి సరిచేద్దామని మూలకు నెట్టారు. అయితే విప్పి బిగించడం కొత్తగా చేయడంకంటె పెద్ద పని. గురువారానికి ఆ పన్నెండువందలూ లేనట్టే లెక్క.

మంగళవారం గడియారంగారు బల్లంతా సుద్దముక్కతో 'కుడి' అని రాశాడు. అందరి కుడి మణికట్లకూ ఎర్ర రిబ్బను కట్టించాడు. కబుర్లు నిషేధించాడు. ఎనిమిదిమందీ పరీక్ష రాసే పిల్లల్లా పళ్ళు బిగించి, ఒక్కొక్క తీగకూ ఊపిరి బిగపట్టి పనిచేశారు. నెమ్మదిగా చేస్తే సరిగ్గానే వచ్చేది. చెయ్యి కాస్త వేగం అందుకుంటే చాలు, రిబ్బను కట్టిన చెయ్యే తనంత తాను ఎడమకు పరుగెత్తేది.

"పక్కవీథికి ఇల్లు మారి ఏడాదైనా మా ఆయన సాయంత్రం పాతింటికే పోయినట్టుంది నా చెయ్యి" అంది పక్కనున్నామె.

"కబుర్లు వద్దన్నాను" అన్నాడు గడియారంగారు.

"కబురు కాదండీ, కష్టం చెప్పుకుంటున్నాను."

సాయంత్రానికి తేలినవి ఎనిమిదివందలు. ఇంకా మూడువేల రెండువందలు కావాలి. ఉన్నది ఒక్క బుధవారం. ఎనిమిదిమందీ పాత వేగంతో, ఒక్క పొల్లు పోకుండా చేస్తేనే ఆ లెక్క సరిపోతుంది. యజమాని కిటికీ దగ్గర నిలబడి వీథికేసి చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపుకంటె తిట్టినా బాగుండుననిపించింది స్ప్రింగక్కకు.

ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. భర్త వీథిగదిలో లావుపాటి పుస్తకమొకటి ముందు పెట్టుకొని అంచులు కోస్తున్నాడు. ఆమె చెప్పులు విప్పకుండానే గడపమీద కూలబడి, రిబ్బను కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకొని దానికేసి పరాయిదానిలా చూసింది.

"ఏమిటది, చేతికి పెళ్ళి చేశారా?" అన్నాడు అతను.

"దీనికి ఎడమా కుడీ నేర్పలేక చస్తున్నాం. పదకొండేళ్ళు ముద్దుచేసి పెంచాం కదా, ఇప్పుడు మాట వినడం లేదు."

అతను నవ్వి కత్తి అందుకొన్నాడు. అతని పనితీరు ఆమె వేలసార్లు చూసినదే. కత్తిని ఎప్పుడూ పైనుంచి తనవైపుకే లాగుతాడు. ఒక అంచు కోయడం అయింది; పుస్తకాన్ని పలకమీద తిప్పాడు; మళ్ళీ తనవైపుకే లాగాడు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ లాగాడు. ఆనాడెందుకో ఆమె కళ్ళు అక్కడే ఆగాయి.

"నువ్వెప్పుడూ అటువైపుకి కొయ్యవా?"

"ఎందుకు కొయ్యాలి? చెయ్యి ఇలా వాలుగా పడింది. దానితో పేచీ పెట్టుకోవడం దేనికి? పుస్తకానికి పంతం లేదు, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది."

స్ప్రింగక్క గడపమీదినుంచి లేచింది. బల్లమీదున్న పుస్తకమొకటి తీసుకొని చట్రంలో పెట్టినట్టు ముందు పెట్టుకొంది. కుడి చివర వేలు పెట్టింది. పుస్తకాన్ని నెమ్మదిగా సగం తిప్పింది. వేలు ఎడమకు వచ్చింది. మళ్ళీ తిప్పింది, మళ్ళీ వచ్చింది. తరువాత రిబ్బను విప్పి భర్త మెడలో వేసి లోపలికి వెళ్ళి, రెండు రోజులుగా దిగని అన్నం నిండుగా తింది.

బుధవారం ఆమె అందరికంటె ముందు వెళ్ళి గడియారంగారిని గుమ్మంలోనే పట్టుకొంది.

"చేతులు తిప్పొద్దండీ, చట్రాలు తిప్పుదాం."

"ఏమిటంటున్నావు?"

"చట్రం మరలు విప్పి, ముందూ వెనకా మార్చి బిగించండి. కుడివైపు బొడిపె ఎడమకొస్తుంది. మూత కొంచెం అవతలికి పోతుంది, అంతే. కుర్చీ దగ్గరకు లాక్కుంటాం. చేతులకు పాత పనే."

గడియారంగారు మణికట్టు చూసుకొన్నాడు. తరువాత తానే మరలు విప్పే సామాను తెచ్చి బల్లకింద దూరాడు. ఎనిమిది చట్రాలూ అరగంటలో వెనుదిరిగాయి. స్ప్రింగక్క మొదటి క్యాసెట్టు పెట్టి, తీగ బిగించి, ఈసారి వేలు పూర్తిగా తీసివేసి చెవిదగ్గర పెట్టుకొంది. టక్కు ఎండిన కొమ్మ విరిచినంత పొడిగా వినిపించింది. యంత్రంలో పెట్టారు, వెళ్ళింది, ఆడింది, నోరు మూసుకొని బుద్ధిగా బయటికి వచ్చింది.

"కబుర్లు చెప్పుకోవచ్చాండీ?" అంది పక్కనున్నామె.

"చెప్పుకోండి తల్లీ, గట్టిగా చెప్పుకోండి. మీరు నోరు మూసుకుంటే క్యాసెట్లు నోళ్ళు తెరుస్తున్నాయి."

ఆనాడు ఆ బల్లమీద సాగినన్ని కబుర్లు అంతకుముందు ఏడాదిలో సాగలేదు. చేతులు వాటి పాతింటికి అవి చేరుకొన్నాయి. గడియారంగారు పెట్టెపెట్టెకూ వంగి మూతలు పరీక్షిస్తూ, ఒక్క ఆవులింతా కనిపించక, మధ్యాహ్నంనుంచి మణికట్టు చూసుకోవడమే మరిచిపోయాడు. పనివేళ ముగిసేసరికి నాలుగువేలూ పెట్టెల్లో ఉన్నాయి.

గురువారం పొద్దున కంపెనీ మనిషి వచ్చాడు. సన్నగా, మందపు కళ్ళజోడుతో, ఎవరినీ నొప్పించని ముఖంతో ఉన్నాడు. ఒక్కొక్క పెట్టెలోనుంచి ఒక్కొక్క క్యాసెట్టు తీసి, మూత ఎత్తి, వదిలి, యంత్రంలో వేసి తీశాడు. ఎనిమిదిమందీ వరుసగా నిలబడి చూస్తున్నారు. ప్రతి టక్కుకూ స్ప్రింగక్క పెదవులు కదిలేవి. పొడి. పొడి. ఇదీ పొడే.

పదిహేనవ క్యాసెట్టు దగ్గర ఆయన ఆగాడు. దాన్ని కళ్ళజోడుకు దగ్గరగా పెట్టుకొన్నాడు. తల ఒక పక్కకు వంచాడు. ఇంకా వంచాడు. చివరికి క్యాసెట్టునే తలకిందులు చేసి పట్టుకొన్నాడు.

"లేబులు ఇలా ఉండాలనా?" అన్నాడు మెల్లగా.

స్ప్రింగక్కకు ఒక్క క్షణంలో అంతా అర్థమయింది. తాను ఎనిమిది చట్రాలూ తిప్పించింది. అక్కడినుంచి క్యాసెట్లు వెనుదిరిగి పట్టామీద సాగాయి. చివర కూర్చున్న పిన్ని దగ్గరికి కూడా అలాగే చేరాయి. పదకొండేళ్ళుగా తనముందుకు ఏ వైపు వస్తే ఆ వైపే సరియైనదని నమ్మిన పిన్ని చెయ్యి, మూడువేల రెండువందల లేబుళ్ళనూ గీత గీసినంత నిలకడగా తలకిందులుగా అంటించింది. అందరూ మూతలే చూశారు గాని లేబులువైపు చూసిన కన్ను ఒక్కటీ లేదు.

యజమాని ముఖంలో రక్తం లేదు. పిన్ని పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకొంది. స్ప్రింగక్క ముందుకు వచ్చింది.

"పిన్ని తప్పు కాదండీ. చట్రాలు తిప్పించింది నేను. నా ముందున్నదాని గురించే ఆలోచించాను, నా తరవాతివాళ్ళ గురించి ఆలోచించలేదు."

"చట్రాలు తిప్పడమేమిటి?" అన్నాడు ఆయన.

దాచి లాభం లేదని ఆమె సోమవారంనుంచి జరిగినదంతా చెప్పింది. ఆవులించిన పన్నెండువందలు, సుద్దరాతలు, రిబ్బన్లు, భర్త కత్తి, ఏదీ మిగల్చలేదు. వింటూ వింటూ ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకొన్నాడు. రిబ్బన్ల దగ్గరికి వచ్చేసరికి భుజాలు కదిలాయి. కథ ముగిసేసరికి మనిషి బల్ల పట్టుకొని నవ్వుతున్నాడు.

"అమ్మా, చిన్నరకం నుంచి పెద్దరకానికి మారిన కర్మాగారాలు ఈ ఏడాది చాలా చూశాను. కొందరికి నెల పట్టింది, కొందరు మనుషుల్ని మార్చేశారు. రెండు మరలు విప్పి మార్చినవాళ్ళను చూడలేదు." ఆయన క్యాసెట్టు మూత ఎత్తి మరొకసారి వదిలాడు. "స్ప్రింగు తప్పయితే కొన్నవాడి యంత్రం పాడవుతుంది. లేబులు తప్పయితే వాడి మెడ నొప్పెడుతుంది, అంతేగా. లేబుళ్ళు మార్చి సోమవారానికి పంపండి. మిగతాదంతా నాకు నచ్చింది."

యజమాని కూర్చోవడానికి కుర్చీ వెతుక్కొన్నాడు. పిన్ని చెంగు తీసి, "మార్చడమెందుకు నాయనా, చదివేవాణ్ణే తిరగమనరాదూ" అంది. అప్పుడు పడ్డ నవ్వు వీథిచివరకు వినిపించిందంటారు. గడియారంగారు మాత్రం ఆ మధ్యాహ్నమే బల్ల చివరకు వెళ్ళి, పిన్ని కుర్చీని పట్టాకు అవతలివైపుకు మార్చాడు.

సంవత్సరానికి సరిపడా పని వచ్చింది. ఎనిమిది కుర్చీలూ వాటి చోట్లనే నిలిచాయి. యజమాని సంతోషంకొద్దీ, తలకిందుల లేబుళ్ళవి ఒక పెట్టె తీయించి, పనివారందరికీ తలొక క్యాసెట్టు ఇచ్చాడు. స్ప్రింగక్క తనది కొంగులో చుట్టుకొని, దారిపొడుగునా దాని మూత ఎత్తుతూ వదులుతూ ఇంటికి వచ్చింది. గుమ్మంలో అడుగుపెట్టాక గాని అసలు సంగతి తట్టలేదు. అది పెద్దది. తన ఇంటి యంత్రంలో పట్టదు.

భర్త ఆ క్యాసెట్టును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఖాళీ టేపే కదా" అన్నాడు.

"ఖాళీదే."

"పైనున్న యంత్రం కిందికి తెస్తే, మన యంత్రానికీ దానికీ తీగ కలిపితే, ఇందులో ఆడేది అందులోకి ఎక్కుతుందట. బాగుచేసేవాడు పోయినసారి చెప్పాడు, నేనే మర్చిపోయాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకొన్నారు. ఏ టేపు అని ఎవరూ అడగలేదు.

స్ప్రింగక్క మెట్లెక్కి ఆడపడుచు తలుపు తట్టింది. ఆమె తలుపు తీసి, వదిన చేతిలో పెద్ద క్యాసెట్టు చూసి, నడుముమీద చెయ్యి వేసుకొంది.

"వచ్చారా పెద్దరకంలోకి? ఎన్నాళ్ళ పంతం వదినా, ఎన్నాళ్ళ పంతం."

"మాటలు తరవాత. నీ యంత్రం పట్టుకుని కిందికి రా. నీ పెళ్ళి పైకి పంపిస్తున్నాం."

ఆడపడుచు ముఖంలో వెక్కిరింత అక్కడే ఆగిపోయింది. తరువాత లోపలికి వెళ్ళి, యంత్రాన్ని పసిపాపను ఎత్తుకొన్నట్టు రెండు చేతులతో ఎత్తుకొని, మెట్టుమెట్టుకూ ఆగుతూ దిగింది.

ఆదివారం పగలంతా రెండు యంత్రాలూ ఒకే బల్లమీద పక్కపక్కన కూర్చున్నాయి. అన్నయ్య తీగలు కలిపాడు. చిన్నది ఆడింది, పెద్దది రాసుకొంది. పెళ్ళిలో వదిన జుట్టుముడి ఊడిపోయి గ్లాసుల పళ్ళెంతో పరుగెత్తుతూంటే ఆడపడుచు పడీపడీ నవ్వింది. లావుపాటి పెద్దమనిషి కుర్చీకేసి నడుస్తున్నప్పుడు మాత్రం ముగ్గురూ మాట మానేశారు, బొమ్మ వణకకూడదని. వణకలేదు. కుర్చీ మడతపడింది. పెద్దాయన కళ్ళనీళ్ళు కారేటట్టు నవ్వాడు. ఆ నవ్వు తీగలోనుంచి నడిచి పక్క యంత్రంలోకి వెళ్ళింది.

"ఇంక నువ్వు కిందికెందుకొస్తావులే" అంది స్ప్రింగక్క, టేపు ఆగాక. ఆ మాట వేళాకోళంగా మొదలుపెట్టింది గాని చివరకు గొంతు కొంచెం మెత్తబడింది.

"వస్తాను వదినా. ఎన్ని చెప్పు, బొమ్మ మీదాంట్లోనే తేటగా ఉంటుంది. నాన్న పళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు."

ఆరేళ్ళలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. స్ప్రింగక్క భర్తను సాక్షిగా ఉండి ఆ మాట గుర్తుపెట్టుకోమంది.

సాయంత్రం ఆడపడుచు తన యంత్రంతో, క్యాసెట్టుతో పైకి వెళ్ళింది. కింద వదిన ఇంకా తీగలు చుడుతూ ఉండగానే పైనుంచి కేక వినిపించింది.

"వదినా, నువ్వు చేసింది మా యంత్రంలో దూరడం లేదు. లేబులు చూసి సరిగ్గానే పెడుతున్నాను."

స్ప్రింగక్క తీగల చుట్ట ఒళ్ళో పెట్టుకొని, నవ్వు ఆపుకొని, మెట్లకేసి తల ఎత్తింది.

"లేబులు మాట వినకు. తిప్పి పెట్టు."

ఒక నిమిషం గడిచింది. పైన, తిప్పుతూ ఎత్తి వదిలిందేమో, మూత టక్కుమంది. అంత దూరంనుంచి విన్నా పొడిగానే ఉంది. కాసేపటికి, టేపు వెనక్కు తిరిగిన చప్పుడు వెనుకనే, పెద్దాయన నవ్వు మెట్లు దిగి వచ్చింది.